లోకల్ సెక్యూరిటీ ప్రాసెస్ వైరస్ కాదు, దాన్ని తీసేయకండి

మా పాలకొల్లు చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. టాస్క్ మేనేజర్‌లో లోకల్ సెక్యూరిటీ అథారిటీ ప్రాసెస్ మెమరీ తింటుంటే అది వైరసట. ఎండ్ టాస్క్ కొట్టి, ఆ ఫైలు డిలీట్ చేసి, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని కూడా ఆపేస్తే కంప్యూటర్ స్పీడ్ రెట్టింపు అవుతుందట. పైగా ఆ ప్రాసెస్ మెమరీ తింటుందని మైక్రోసాఫ్టే ఒప్పుకుందట. కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి, ఇది చూసి ఊరుకోలేకపోతున్నాను.

మొన్న ఆచంట నుంచి రొయ్యల మేత వ్యాపారం చేసే ఒకాయన సీపీయూని స్కూటర్ ముందు పెట్టుకుని తెచ్చారు. "ఆన్ అవ్వట్లేదండి. మావాడు వైరస్ తీసేశానన్నాడండి" అన్నారు. కుర్రాడు పర్మిషన్లు మార్చి మరీ ఆ ఫైలు పీకేశాడు. చెరువుల రైతుల బాకీ లెక్కలన్నీ అందులోనే. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి సిస్టమ్ ఫైళ్లు తిరిగి ఎక్కించేసరికి భోజనాల వేళ దాటింది. లెక్కలు దక్కాయి. అంతసేపూ ఆయన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

అసలది వైరస్ కాదు. మీరు పాస్‌వర్డ్ కొట్టగానే సరైనదా కాదా చూసి, మీరెవరో, మీకున్న హక్కులేంటో విండోస్‌కి చెప్పే గుర్తింపు ఇచ్చేది అదే. అసలు ఫైలు (lsass.exe) సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సిస్టమ్32లో ఉంటుంది. ప్రాసెస్ మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే తెలిసిపోతుంది. ఇంకెక్కడో కనిపిస్తే అనుమానించాల్సిందే. పేరులో చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెట్టి మోసం చేసే నకిలీలు ఉన్నాయి, రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి. అనుమానమొస్తే స్కాన్ చేయండి, చేత్తో డిలీట్ చేయకండి.

ఇక ఎండ్ టాస్క్. దాన్ని బలవంతంగా ఆపితే విండోస్ నిలబడలేదు, కాసేపట్లో రీస్టార్ట్ అయిపోతుంది. సేవ్ చేయని పని పోతుంది. కాలువ లాకుల దగ్గర నీళ్లు ఎక్కువ నిలిచాయని లాకు తలుపులే పీకేస్తామా? పై నుంచి ఎంత వస్తోంది, కింద ఎక్కడ అడ్డుపడిందో చూస్తాం.

మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న మాట నిజమే, కానీ సగమే చెప్పారు. 2024 మార్చి అప్‌డేట్ల తర్వాత డొమైన్ కంట్రోలర్ సర్వర్లలో ఈ ప్రాసెస్ మెమరీ వదలకుండా పెరుగుతూ పోయింది. అదే నెలలో సరిచేసే అప్‌డేట్ ఇచ్చారు. 2022 నవంబరులోనూ అలాంటిదే జరిగింది. అవి వందలమంది లాగిన్లు చూసే పెద్ద ఆఫీసుల సర్వర్లు. అలాంటి సర్వర్లో ఈ ప్రాసెస్ డైరెక్టరీ డేటాను, అంటే ఆఫీసు యూజర్లు, కంప్యూటర్ల వివరాలను, మెమరీలో పెట్టుకుంటుంది కాబట్టి జీబీల్లో కనిపించడం మామూలే. మన కొట్లో మెషీన్‌కి ఆ కథ వర్తించదు.

ఇంట్లో కంప్యూటర్లో సాధారణంగా ఇది పదుల ఎంబీల్లోనే ఉంటుంది. వందలు దాటి రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం పట్టించుకోండి. ముందు రీస్టార్ట్ కొట్టండి. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచి, మళ్లీ అదే లేపుతుంది. తర్వాత పెండింగ్ అప్‌డేట్లన్నీ వేయండి. అయినా పెరుగుతుంటే, ఈమధ్య ఎక్కించిన యాంటీవైరస్, డిజిటల్ సంతకం టోకెన్ సాఫ్ట్‌వేర్ లాంటివి ఒక్కొక్కటే తీసి చూడండి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్ఎఫ్‌సీ స్కాన్ (sfc /scannow) నడిపితే పాడైన సిస్టమ్ ఫైళ్లు బాగవుతాయి.

డిఫెండర్ ఆపమనడం అన్నిటికంటే ప్రమాదం. స్కాన్ జరిగేటప్పుడు అది మెమరీ ఎక్కువే వాడుతుంది, అయ్యాక తగ్గుతుంది. రక్షణని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో ఇదివరకే చూశాం: 2004లో సాసర్ వార్మ్ (నెట్‌వర్క్‌లో తనంతట తానే పాకే వైరస్ లాంటిది) ఈ సెక్యూరిటీ ప్రాసెస్‌లోని లోపం పట్టుకునే మెషీన్లలోకి దూరింది. ఆ లోపానికి అప్‌డేట్ అంతకుముందే వచ్చింది. వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు.

ఆ మేత వ్యాపారి గారి కంప్యూటర్ నెమ్మదించడానికి కారణం చూస్తే, 4 జీబీ ర్యామ్ మీద డిఫెండర్‌తో పాటు గడువు తీరిన మరో యాంటీవైరస్ కూడా నడుస్తోంది. పాతది తీసేసి, ర్యామ్ 8 జీబీ చేశాం. కుర్రాడు వైరస్ అన్న ఆ ప్రాసెస్ ఇప్పుడు పదిహేను ఎంబీ దగ్గరుంది.