బోర్డు మీద సున్నా, బిల్లులో వేలు

సెలవుల ప్రయాణాలు మొదలయ్యాయంటే విదేశీ కరెన్సీ కౌంటర్లకు పండగే. ఏ అంతర్జాతీయ విమానాశ్రయానికి వెళ్లినా 'జీరో కమిషన్' బోర్డు పెద్ద అక్షరాలతో పలకరిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. ఒళ్లు మండేది కూడా అందుకే. కమిషన్ పేరుతో నిజంగానే పైసా తీసుకోరు, తీసుకునేదంతా రేటులో కలిపేస్తారు. బ్యాంకుల మధ్య డాలరు 90 రూపాయలకు చేతులు మారుతున్న రోజున కౌంటర్‌లో 95కి అమ్మారనుకుందాం. వెయ్యి డాలర్లు కొన్నవారి జేబుకు ఐదు వేలు చిల్లు పడినట్టే. రసీదు తిరగేసి చూసినా ఆ ఐదు వేలు ఎక్కడా కనిపించవు.

రూపాయి 85 చిల్లర నుంచి జారి జారి డాలరుకు 90 దాటడానికి 2025లో దాదాపు ఏడాది పట్టింది. ఆ పతనం మీద పార్లమెంటులో, టీవీల్లో, పత్రికల్లో (మా పేజీలతో సహా) ఎంత చర్చ జరిగిందో అందరికీ తెలుసు. అదే ఐదు రూపాయలను ఒక కౌంటర్ ఒక్క నిమిషంలో మింగేస్తే మాత్రం ఎవరూ కిక్కురుమనరు.

ఇక కొనేవారి సంగతి చూడండి. పాస్‌పోర్ట్ ఇవ్వాలి, పాన్ ఇవ్వాలి, టికెట్ చూపించాలి, వీసా అవసరమైన దేశమైతే అదీ చూపించాలి. ఎందుకు వెళ్తున్నారో రాయాలి. ఈ ఆర్థిక సంవత్సరంలో ఇప్పటికే ఎంత విదేశీ మారకం తీసుకున్నారో డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి దాటకూడదు, నోట్ల రూపంలో మామూలుగా ఒక ప్రయాణానికి మూడు వేల డాలర్లు మించకూడదు. యాభై వేల రూపాయల పైన కొంటే నగదు కుదరదు, బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి. తిరిగొచ్చాక రెండు వేల డాలర్లకు మించి మిగిలితే 180 రోజుల్లో అప్పగించాలి. ఈ నిబంధనలను మేం తప్పుపట్టడం లేదు. దేశం దాటే సొమ్ముకు లెక్క ఉండాల్సిందే. కానీ ఆ లెక్క ఒకవైపే ఎందుకు? కొనేవారు పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాలి, అమ్మేవారు తన మార్జిన్ ఎంతో ఒక్క అంకె చెప్పనక్కర్లేదు!

ఆ అంకె తెలియక చెప్పడం లేదా అంటే అదీ కాదు. జీఎస్టీ నిబంధనల్లో 32వ రూలు తీసి చూడండి. కరెన్సీ మార్చినందుకు పన్ను వేయాల్సిన విలువ ఎంత అంటే, కౌంటర్ రేటుకు, రిజర్వు బ్యాంకు రిఫరెన్స్ రేటుకు (ఆరోజు మార్కెట్ ధరగా ప్రకటించే రేటుకు) మధ్య ఉన్న తేడా అని అందులోనే రాసి ఉంది. ఆ తేడాయే అసలు ఫీజు అని సర్కారు తన చట్టంలో తానే ఒప్పుకుందన్నమాట. అది వద్దనుకునే వ్యాపారికి ఇంకో దారి కూడా ఇచ్చారు. లక్ష రూపాయల వరకు మార్చిన మొత్తంలో ఒక శాతాన్ని, తక్కువలో తక్కువ 250 రూపాయలను విలువగా తీసుకుని దాని మీద 18 శాతం పన్ను కడితే సరిపోతుంది. మన వెయ్యి డాలర్ల బిల్లు 95,000 అయితే పన్ను 171 రూపాయలు. సర్కారుకు వెళ్లే ఆ 171 రసీదులో చక్కగా అచ్చవుతుంది. కౌంటర్‌కు మిగిలే ఐదు వేలు అచ్చు కావు. పన్ను వసూలుకు పనికొచ్చిన లెక్క కొనేవారికి చెప్పడానికి పనికిరాదా? ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ లేకపోతే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది. లక్ష రూపాయల కొనుగోలుకు మాత్రం ఆ పట్టింపు లేదు.

విమానాశ్రయంలో అద్దెలు ఎక్కువ, నోట్లు తెప్పించి దాచడానికి ఖర్చు, రేటు మారితే నష్టం అని వ్యాపారులు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. కౌంటర్‌లో కొనమని ఎవరు బలవంతం చేశారన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. మంచిదే. లాభం వేసుకోవద్దని మేం అనడం లేదు, ఎంత వేసుకున్నారో చెప్పమంటున్నాం. రేట్ల పట్టిక పెట్టాం కదా అంటే కుదరదు. పట్టికలో కనిపించేది వారి ధర. ఆరోజు అసలు ధర దాని పక్కన ఉంటేనే తేడా తెలిసేది.

నోట్ల గొడవ వద్దని కార్డు తీసుకున్నా ఇదే తంతు. చాలా క్రెడిట్ కార్డుల మీద విదేశీ ఖర్చుకు మూడున్నర శాతం మార్కప్ (అసలు రేటు మీద అదనపు వడ్డన), ఆపైన దానికి జీఎస్టీ ఉంటాయి. రెండూ కలిపితే 4.13 శాతం. లక్ష ఖర్చుపెడితే 4,130 రూపాయలు పోయినట్టే. స్వైప్ చేసేటప్పుడు ఇది తెలియదు, స్టేట్‌మెంట్ వచ్చాక తెలుస్తుంది. డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డుతో థాయ్‌లాండ్‌లో బాత్‌లు ఖర్చుపెడితే చాలా కార్డుల్లో మరోసారి మార్పిడి చార్జీ. వీటన్నింటికీ తోడు విదేశీ దుకాణాల్లో మెషిన్ 'రూపాయల్లో కడతారా?' అని మర్యాదగా అడుగుతుంది. మన రూపాయే కదా అని సరే అన్నారో, అక్కడి వాళ్లు వేసుకున్న రేటుకు తల ఊపినట్టే. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీలోనే కట్టాలి. యూరోపియన్ యూనియన్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఇలాంటి మార్పిడికి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు మీద ఎంత శాతం అదనంగా వేస్తున్నారో ముందే చూపించాలన్న నిబంధన ఉంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదో రిజర్వు బ్యాంకే చెప్పాలి.

నిజానికి రిజర్వు బ్యాంకు చేతిలో మందు ఉంది. 2019 ఆగస్టులో బ్యాంకుల మధ్య లావాదేవీలు తేల్చే క్లియరింగ్ కార్పొరేషన్ ఆధ్వర్యంలో 'ఎఫ్ఎక్స్ రిటైల్' వేదిక మొదలైంది. బ్యాంకుల మధ్య నడిచే ధరకు మామూలు ఖాతాదారు కూడా డాలర్లు కొనవచ్చు, తన బ్యాంకు వేసుకునే మార్జిన్ ఎంతో ముందే తెలుసుకోవచ్చు. అచ్చంగా మేం అడుగుతున్నదే! దీన్ని ఫోన్లో బిల్లులు కట్టే వ్యవస్థ భారత్ కనెక్ట్‌తో కలిపి ఫోన్లలోకి తెస్తామని 2024 డిసెంబర్ పరపతి విధాన ప్రకటనలో రిజర్వు బ్యాంకు చెప్పింది. అయితే ఈ వేదిక పేరు పాఠకుల్లో ఎందరు విన్నారు? మీ బ్యాంకు శాఖకు వెళ్లి ఎఫ్ఎక్స్ రిటైల్‌లో నమోదు చేయమని ఒకసారి అడిగి చూడండి. క్రెడిట్ కార్డు కోసం రోజుకు మూడు ఫోన్లు చేసే బ్యాంకులు ఈ సంగతి చెప్పడానికి ఒక్క ఎస్ఎంఎస్ పంపవు. ఖాతాదారుకు చవకగా దొరికితే తమ మార్జిన్ తగ్గుతుంది కదా. పారదర్శకత గురించి వార్షిక నివేదికల్లో పేజీలకు పేజీలు రాసుకునే సంస్థలు ఇవే.

తెలిసినవారు ఎలాగో తప్పించుకుంటారు. మార్కప్ లేని కార్డు వెతుక్కుంటారు, ప్రయాణానికి వారం ముందే నాలుగుచోట్ల ఫోన్ చేస్తారు, రేటు సంగతి పక్కనపెట్టి 'అన్నీ కలిపి చేతికి వెయ్యి డాలర్లు రావాలంటే నేను ఎన్ని రూపాయలు కట్టాలి?' అని అడుగుతారు. మన పాఠకులకు మేం చెప్పేదీ అదే, విమానాశ్రయం దాకా ఆగకండి. కానీ ఈ కిటుకులు తెలియనివారి మాటేమిటి? మనవణ్ని చూడటానికి మొదటిసారి డాలస్ విమానం ఎక్కుతున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. ఉమ్రాకు బయల్దేరే కుటుంబాలున్నాయి. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో అప్పుచేసి గల్ఫ్‌కు వెళ్లే కుర్రాడు మొదటి జీతం వచ్చేదాకా గడవడానికి నాలుగు దిర్హమ్‌లు కొంటాడు. సెలవుకు వచ్చినప్పుడు మిగిలినవి అదే కౌంటర్‌లో అమ్ముతాడు. కొన్నప్పుడు ఎక్కువ పెట్టి, అమ్మినప్పుడు తక్కువ తీసుకుని రెండుసార్లు నష్టపోతాడు. నాణేలైతే అసలు తీసుకోరు. ఎవరికి తక్కువ తెలుసో వారి దగ్గరే ఎక్కువ లాగే ఏర్పాటు ఇది.

మేం అడిగేది కొత్త పథకం కాదు, సబ్సిడీ కాదు. కౌంటర్ రసీదు మీద, కార్డు కొనుగోలు సందేశంలో ఒకే ఒక్క వరుస చాలు. ఆరోజు రిఫరెన్స్ రేటు, మీకు వేసిన రేటు, ఆ తేడా మొత్తం ఎన్ని రూపాయలు. 'జీరో కమిషన్' బోర్డు పెట్టాలంటే ఆ మూడో అంకె కూడా సున్నా కావాలి, కాకపోతే బోర్డు దించాలి. దీనికి చట్టసభల ఆమోదం అక్కర్లేదు, రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. ప్రయాణికుడి పాన్ నంబర్ అడగడానికి సర్క్యులర్లు జారీ చేయడం వచ్చినవారికి ఇది రాదంటే నమ్మేదెలా? అసలు ఈ మార్జిన్ దాచిపెట్టడం వల్ల లాభపడుతున్నది ఎవరో, వారికి ఇన్నేళ్లుగా ఇంత వెసులుబాటు ఎందుకిచ్చారో ముందు సంజాయిషీ ఇవ్వండి.