అభిప్రాయం అడిగారు సరే, జవాబు ఎవరిస్తారు?

ఆహార వ్యవస్థల మీద, అంటే తిండి పండించడం నుంచి పంచడం, తినడం దాకా జరిగే మొత్తం తంతు మీద, అంతర్జాతీయ సదస్సు జరిగిన ప్రతిసారీ చివర్లో ఒక లెక్క చదువుతారు. ఇన్ని దేశాలు పాల్గొన్నాయి, ఇన్ని సంప్రదింపులు జరిగాయి, ఇన్ని వేలమంది అభిప్రాయాలు చెప్పారు. చప్పట్లు. ఆ వేలమంది చెప్పినదాంట్లో ఏది తీసుకున్నారు, ఏది పక్కన పెట్టారు, ఎందుకు పక్కన పెట్టారు అని అడిగితే మాత్రం అందరూ కప్పు వైపు చూస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ముందే ఒక మాట. దేశాలు కలిసి పనిచేయడం దండగ అని నేను అనడం లేదు. "ఎవరి తిండి సంగతి వాళ్లు చూసుకుంటే పోలా" అనేవాళ్లు ఒకసారి 2007-08 గుర్తు తెచ్చుకోవాలి. ధాన్యం ధరలు పెరుగుతున్నాయనగానే ఒక్కో దేశమూ ఎగుమతులు ఆపేసింది. ఎవరి జాగ్రత్త వాళ్లు పడ్డారు, అందరూ కలిసి మంట పెంచారు. కొన్ని నెలల్లోనే అంతర్జాతీయ మార్కెట్లో బియ్యం ధర దాదాపు మూడింతలైంది. చిత్రమేమిటంటే ఆ ఏడాది ప్రపంచంలో వరి పంట బాగానే పండింది. కొరత కన్నా భయమే ఎక్కువ పనిచేసింది. ఎవరి దగ్గర ఎంత నిల్వ ఉందో పక్కవాడికి తెలియకపోతే పుట్టే భయం అది. అందుకే 2011లో జీ20 దేశాలు గోధుమ, మొక్కజొన్న, వరి, సోయా నిల్వల వివరాలు ఒకచోట పెట్టుకునే సమాచార వ్యవస్థను మొదలుపెట్టాయి. 2022 జూన్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు ఇంకో ఒప్పందానికి వచ్చాయి: ఆకలితో ఉన్నవాళ్లకు పంచడానికి ఐరాస సంస్థ ప్రపంచ ఆహార కార్యక్రమం కొనే సరుకు మీద ఎగుమతి నిషేధం పెట్టకూడదు. ఇన్నేళ్ల చర్చలకు ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇది మాట ఇచ్చి, రాసుకుని, కట్టుబడాల్సిన పని. సదస్సుల చివర్లో చదివే అందమైన ప్రకటనల కన్నా ఇలాంటివే నయం.

సమస్య ఏ ఒక్క దేశం చేతిలోనూ లేదు. ఐరాస సంస్థల లెక్క ప్రకారం 2024లో సుమారు 67 కోట్లమంది ఆకలితో గడిపారు. ఆరోగ్యకరమైన తిండి కొనుక్కునే స్తోమత లేనివాళ్లు 260 కోట్లు. మరోవైపు వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల్లో దాదాపు మూడో వంతు మనం తిండి పండించి, మోసి, వండి, పారేసే క్రమంలోనే వస్తోంది. కాబట్టి కలిసి కూర్చోవాల్సిందే. కూర్చున్నప్పుడు ఎవరి మాట వింటున్నారన్నదే నా గొడవ.

2021 సెప్టెంబరులో ఐరాస ఆహార వ్యవస్థల సదస్సు జరిగింది. దాన్ని "ప్రజల సదస్సు" అన్నారు. దేశదేశాల్లో చర్చలు పెట్టారు, ఎవరైనా సొంతంగా చర్చ పెట్టుకోవచ్చన్నారు. అయినా ఆ జులైలో రోమ్‌లో సన్నాహక సమావేశం జరుగుతున్నప్పుడు వందలాది రైతు సంఘాలు, మత్స్యకార సంఘాలు, ఆదివాసీ సంఘాలు దాన్ని బహిష్కరించి పోటీగా తమ సభలు పెట్టుకున్నాయి. వాళ్ల అభ్యంతరం తేలిగ్గా తీసేసేది కాదు. 2019లో ఐరాస, పెద్ద కంపెనీలు సభ్యులుగా ఉన్న వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్‌తో భాగస్వామ్య ఒప్పందం కుదుర్చుకుంది. సదస్సు రూపురేఖల మీద పెద్ద కంపెనీల నీడ పడిందని, తమను చివర్లో అలంకారానికి పిలిచారని ఆ సంఘాలు అన్నాయి. నిర్వాహకులు కాదన్నారు. ఎవరిది ఎంత నిజమో మీరే తేల్చుకోండి. నాకు ముఖ్యమనిపించేది ఇంకోటి: అన్ని చర్చల తర్వాత కూడా దేశాలు కూర్చుని పదం పదం బేరమాడి ఒప్పుకున్న పత్రం ఏదీ రాలేదు. ఐరాస ప్రధాన కార్యదర్శి తన పేరు మీద ఒక ప్రకటన చేశారు. వందకు పైగా దేశాలు ఎవరి ప్రణాళిక వాళ్లు రాసుకున్నాయి. మాట తప్పితే అడగడానికి అసలు మాటంటూ ఇచ్చిందెవరు?

ఇక అభిప్రాయాలు అడిగే ఫారాల సంగతి. ఇలాంటి ఆన్‌లైన్ సంప్రదింపు ఒకదాంట్లో నేనూ పాల్గొన్నాను, సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మొదటి ప్రశ్న "మీరు ఎవరు?" కింద ప్రభుత్వం, ప్రైవేటు రంగం, పరిశోధన, స్వచ్ఛంద సంస్థ, ఇతరులు. తిండి గురించిన ఫారంలో పండించేవాడు "ఇతరులు" కిందకి వస్తాడు! చదవాల్సిన ముసాయిదా పదుల పేజీలు, రాయడానికి ఇచ్చిన పెట్టె నాలుగు వాక్యాలకే నిండిపోతుంది. ప్రశ్నలు కూడా ఎలా ఉన్నాయంటే, "కింది ప్రాధాన్యాల్లో మీకు ముఖ్యమైనవి మూడు ఎంచుకోండి." అసలు ఈ జాబితానే తప్పు అనుకునేవాడికి టిక్కు పెట్టే చోటు లేదు. పంపిన మరుక్షణం "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని మెయిల్. అంతే, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

ఈ అభిప్రాయాలన్నీ కలిపి నివేదిక రాసేటప్పుడు జరిగేది ఇంకా ఘోరం. ఊహకి ఒక ఉదాహరణ: ఒక జాలరి "ఎగువన ఫ్యాక్టరీ వచ్చిన దగ్గర్నించి మాకు చేపలు పడటం లేదు, ఫిర్యాదు చేస్తే పట్టించుకున్నవాడు లేడు" అని రాశాడనుకోండి. నివేదికలో అది "జలవనరుల సుస్థిర నిర్వహణ ఆవశ్యకతను భాగస్వాములు నొక్కి చెప్పారు" అని తేలుతుంది. ఫ్యాక్టరీ మాయం. ఫిర్యాదు మాయం. చివరికి జాలరి కూడా మాయం. ఆ వాక్యంతో ఎవరికీ పేచీ ఉండదు, కాబట్టి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. ఇలాంటి నివేదికలు నాలుగు చదివినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

అసలు డబ్బు ఎక్కడుందో అక్కడ మనల్ని అడగనే అడగరు. సరిగ్గా ఆ 2021 సెప్టెంబరులోనే మూడు ఐరాస సంస్థలు ఒక నివేదిక విడుదల చేశాయి. ప్రభుత్వాలు వ్యవసాయానికి ఏటా ఇచ్చే మద్దతు సుమారు 54,000 కోట్ల డాలర్లు, అందులో 87 శాతం ధరలను వంకర తిప్పేది లేదా ప్రకృతికీ సమాజానికీ చేటు చేసేది అని తేల్చాయి. ఇంత సొమ్ము ఎవరికి పోవాలో చెప్పమని ఫారం ఎప్పుడైనా వచ్చిందా? మనకి వచ్చేది "వంటింట్లో వృథా ఎలా తగ్గిస్తారు?" అని. వృథా చిన్న విషయమేం కాదు, 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం పారేశాయని ఐరాస పర్యావరణ సంస్థ అంచనా. అది అడగండి, తప్పులేదు. ఆ సొమ్ము సంగతి కూడా అడగండి అంటున్నాను.

"జనాన్ని నిజంగా కూర్చోబెడితే పని తెమలదు" అంటారు కొందరు. తెమిలిన సందర్భాలున్నాయి. రోమ్‌లో ప్రపంచ ఆహార భద్రతా కమిటీ ఉంది, 1974 నాటిది. 2009లో దాన్ని సంస్కరించినప్పుడు రైతుల, కూలీల, మత్స్యకారుల, ఆదివాసీల ప్రతినిధులకు బేరసారాలు జరిగే గదిలోనే కుర్చీ ఇచ్చారు. ఓటు దేశాలదే, మాట మాత్రం అందరిదీ. ముసాయిదాలో ఎవరికైనా అభ్యంతరం ఉన్న మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు పడతాయి. అవి తీసేదాకా వాదన నడుస్తూనే ఉంటుంది. విసుగు పుట్టించే పని, కాదనను. కానీ భూమి, చేపల వేట, అడవుల మీద హక్కుల గురించి 2012లో వచ్చిన మార్గదర్శకాలు ఆ విసుగులోంచి వచ్చినవే. వాటిని పాటించడం దేశాల ఇష్టం, అదొక పెద్ద లోటు. అయినా ఎవరు ఏమన్నారు, ఏది నిలబడింది అన్నది గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

బ్రెజిల్ ఇంకా గట్టి ఉదాహరణ. అక్కడి జాతీయ ఆహార భద్రతా మండలిలో మూడింట రెండు వంతులు పౌర సమాజం, ఒక వంతు ప్రభుత్వం. అది నేరుగా అధ్యక్షుడికి సలహా ఇచ్చేది. బడి పిల్లల భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల దగ్గర కొనడానికే ఖర్చు పెట్టాలని 2009లో చట్టం వచ్చిందంటే దాని వెనక ఆ మండలి పట్టుదల ఉంది. 2014లో ఆ దేశం, ఆకలి ఎక్కువగా ఉన్న దేశాలను ఐరాస గుర్తించే ప్రపంచ ఆకలి పటం నుంచి బయటపడింది. 2019 జనవరి 1న, కొత్త అధ్యక్షుడు పదవిలోకి వచ్చిన మొదటి రోజే, ఆ మండలిని ఎత్తేశారు. తర్వాత బ్రెజిల్ మళ్లీ ఆకలి పటంలోకి వచ్చింది. మండలి పోవడం వల్లే వచ్చిందని నేను అనను, కోవిడ్ ఉంది, ఆర్థిక కష్టాలున్నాయి. 2023లో మండలిని తిరిగి తెచ్చారు, 2025లో దేశం మళ్లీ ఆ పటం నుంచి బయటపడింది. పదవిలోకి రాగానే మొట్టమొదట దీన్నే ఎందుకు తీసేశారో ఆలోచిస్తే దాని విలువ తెలుస్తుంది. పనికిరాని కమిటీని రద్దు చేయడానికి ఎవరికీ అంత తొందర ఉండదు.

జర్మనీ మరో దారిలో వెళ్లింది. 2023లో లాటరీ తీసి 160 మంది మామూలు పౌరులను ఎంపిక చేసి, తిండి విధానం మీద కూర్చోబెట్టింది. నెలల తరబడి నిపుణులను ప్రశ్నించి వాళ్లు తొమ్మిది సిఫార్సులు ఇచ్చారు. మొదటిది పిల్లలందరికీ ఉచిత మధ్యాహ్న భోజనం. పార్లమెంటులో చర్చ జరిగింది, దేశమంతటా అమలు మాత్రం జరగలేదు. లాటరీ ఎంత చక్కగా తీసినా, జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేకపోతే ఇంతే సంగతులు.

జనం చెప్పిందల్లా వేదం అని కూడా నేను అనడం లేదు. మనమే తిండి చవగ్గా కావాలంటాం, రైతుకి గిట్టుబాటు కావాలంటాం, మందులు కొట్టొద్దంటాం, ఏడాది పొడుగునా అన్నీ దొరకాలంటాం. అన్నీ కుదరవు. ఎవరో ఒకరు తేల్చాలి, కొన్నిటికి కాదనాలి. కాదన్నప్పుడు ఎందుకో చెప్పమనే అడుగుతున్నాను. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. పర్యావరణ విషయాల్లో 1998 నాటి ఆర్హస్ ఒప్పందం ఇప్పటికే ఆ పని చేయిస్తోంది: పర్యావరణం మీద ప్రభావం చూపే ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చేటప్పుడు ప్రజల అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోవాలి, నిర్ణయాన్ని కారణాలతో సహా బయటపెట్టాలి. యూరప్, మధ్య ఆసియా దేశాలు చాలావరకు అందులో ఉన్నాయి. ఒక ప్రాజెక్టుకి అనుమతి విషయంలో కుదిరింది, ప్రపంచం తినే తిండి విషయంలో ఎందుకు కుదరదు?

ఒక పట్టిక చాలు. ఒక పక్క వచ్చిన సూచన, చెప్పినవాడి మాటల్లోనే. పక్కన తీసుకున్నారా లేదా. దాని పక్కన కారణం, కింద బాధ్యుల పేరు. రైతు సంఘం చెప్పిందీ, విత్తనాల కంపెనీ చెప్పిందీ ఒకే పట్టికలో ఉండాలి, ఎవరి మాట ఎంత చెల్లిందో చదివినవాడికి అర్థమవుతుంది. మళ్లీ ఇలాంటి ఫారం వస్తే నేను మొదటి పేజీలో వెతికేది ఇదే: ఆ పట్టిక ఏ తేదీకి పెడతారు, ఎవరు పెడతారు. రాసి లేకపోతే వాళ్లిచ్చిన ప్రతి పెట్టెలోనూ ఆ రెండు ప్రశ్నలే రాసి పంపుతాను. మీరూ పంపండి.