తదితరుల పక్షాన ఒక విన్నపం

మండల కేంద్రంలో జరిగే ఏ కార్యక్రమానికైనా తప్పకుండా హాజరయ్యే పెద్దమనిషి ఒకే ఒక్కరు. ఆయన అధికార పక్షం సభకూ వస్తారు, ప్రతిపక్షం ధర్నాకూ వస్తారు. ఉదయం కంటి వైద్య శిబిరంలో ఉంటారు, మధ్యాహ్నం పదవీ విరమణ సన్మానంలో చప్పట్లు కొడతారు, సాయంత్రం సంతాప సభలో రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఏనాడూ వేదిక ఎక్కరు, మైకు అడగరు, శాలువా ఆశించరు. మర్నాడు జిల్లా పేజీలో అందరి పేర్లూ అయిపోయాక, ‘పాల్గొన్నారు’ అనే మాటకు సరిగ్గా ముందు, చేతులు కట్టుకుని నిలబడి కనిపిస్తారు. వారి పేరు ‘తదితరులు’. ఇన్నేళ్లుగా ఇంత నిస్వార్థంగా ప్రజాజీవితంలో ఉన్న వ్యక్తికి ఇంతవరకూ ఒక్క ఫ్లెక్సీ అయినా కట్టకపోవడం మన చిన్న ఊళ్లన్నిటికీ తీరని మచ్చ అని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆయన ఎప్పుడు పుట్టారన్న విషయంలో నాకొక సిద్ధాంతం ఉంది. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడడం మొదలైనప్పటి నుంచి చాలాకాలం దాకా, ఓ చిన్న ఊరి పేరు పేపర్లో పడాలంటే ఆ ఊరికి గాంధీగారైనా రావాలి, గోదావరైనా రావాలి. ఇద్దరూ రాని ఊళ్లు చరిత్రలో లేనట్టే లెక్క. 1974లో ఈనాడు విశాఖపట్నంలో మొదలైంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1989లో ఆ పత్రిక జిల్లా అనుబంధాలు తెచ్చింది, మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. ప్రతి మండలానికీ ఒక కార్యాలయం, ఆ కార్యాలయం ఎదురుగా ఒక టీ బడ్డీ, ఆ బడ్డీ ముందు ఒక విలేకరి ఏర్పడ్డారు. రోజూ నింపవలసిన పేజీలు పుట్టుకొచ్చాయి. ఊళ్లో మాత్రం జరిగేవి మునుపు జరిగినన్నే జరుగుతున్నాయి. సంఘటనలు చాలనప్పుడు పేజీని దేనితో నింపాలి? పేర్లతో నింపాలి. పేరు పడ్డవాడు ఆ రోజు పేపరు నాలుగు కాపీలు కొంటాడు, సంక్రాంతికి అడిగితే శుభాకాంక్షల ప్రకటన ఇస్తాడు. ఆ ప్రకటనల మీద వచ్చే కమీషనే తప్ప చెప్పుకోదగ్గ జీతం లేని విలేకరిని ఇందులో తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. పేర్లు పెరిగిన కొద్దీ పట్టని వాళ్లందరినీ ఏదో ఒక మాటలో కూర్చోబెట్టక తప్పలేదు. అలా పుట్టారు తదితరులు.

ఈ మధ్య ఒక వార్తను ఎర్ర పెన్నుతో గీతలు గీసుకుంటూ శ్రద్ధగా చదివాను. ఒక నాయకుడి పుట్టినరోజు సందర్భంగా ప్రభుత్వ ఆసుపత్రిలో రోగులకు పండ్లు పంచిన వార్త అది. పేర్ల కింద గీత గీస్తూ పోతే పదిహేడు తేలాయి, ఒక్కొక్క పేరుకూ ముందు హోదా, వెనక ఇంటిపేరు, రెండింటి మధ్య ముద్దుపేరు. రోగి పేరు లేదు. రోగమేమిటో లేదు. పక్కనే వేసిన ఫొటోలో ఒక యాపిల్ పండు మీద ఏడు చేతులున్నాయి. అందులో ఆరు ఇస్తున్నవి, ఏడోది పుచ్చుకుంటున్నది. సెలైను సూది గుచ్చి ఉంది కనుక ఆ ఏడోది రోగిదని పోల్చుకోగలిగాను. ఆరుగురూ కెమెరా వైపు చూస్తున్నారు. రోగి ఒక్కడే పండు వైపు చూస్తున్నాడు. వార్త చివర ఆ రోగి కూడా తదితరుల్లోనే కలిసిపోయాడు, ఆయన వల్లనే కార్యక్రమం సాధ్యపడినా.

ఇక జరగబోయే కార్యక్రమాల సంగతి. ‘నేడు మండలంలో’ అన్న శీర్షిక కింద వచ్చే ప్రకటనలను శాస్త్రంలాగా చదవాలి తప్ప గడియారం ముందు పెట్టుకుని చదవకూడదు. ఎవరు వస్తున్నారో సవివరంగా ఉంటుంది, ఎందుకు వస్తున్నారో టూకీగా ఉంటుంది, ఎప్పుడు వస్తారన్నది భగవంతుడికి వదిలేసి ఉంటుంది. ఉదయం పది గంటలకు అని వేస్తే, పదింటికి షామియానా కడతారని అర్థం. పదకొండింటికి బడి పిల్లల్ని తెచ్చి ముందు వరుసలో ఎండలో కూర్చోబెడతారు. పన్నెండింటికి ‘దారిలో ఉన్నారు’ అన్న మాట మైకులో మొదటిసారి వినిపిస్తుంది. ఆ దారి ఎంత పొడవైనదో ఏ రహదారుల శాఖ లెక్కల్లోనూ దొరకదు.

ఈ మొత్తం శీర్షికలో అక్షరాలా నమ్మదగిన ప్రకటన ఒక్కటే: చెట్ల కొమ్మల తొలగింపు, లైన్ల మరమ్మతుల కారణంగా ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు విద్యుత్ సరఫరా ఉండదు. ముఖ్య అతిథి లేరు, జ్యోతి ప్రజ్వలన లేదు, వక్తలు లేరు, అయినా తొమ్మిది కొట్టగానే కార్యక్రమం మొదలవుతుంది. కులమతాలకు, పార్టీలకు అతీతంగా ఊరు ఊరంతా పాల్గొంటుంది. నిర్వాహకుల ఉత్సాహం కొద్దీ ఒంటిగంటకు ముగియవలసింది మూడింటి దాకా సాగిన సందర్భాలున్నాయి గాని, ఆలస్యంగా మొదలైన దాఖలా నాకు తెలిసి ఒక్కటీ లేదు. సభలు నిర్వహించేవారంతా లైన్‌మన్ దగ్గర కొన్నాళ్లు శిక్షణ పొందడం మంచిదని నా అభిప్రాయం.

ఫ్లెక్సీల గురించి ఎక్కువ చెప్పను, కూడలిలో నిలబడితే అవే చెబుతాయి. వంద మైక్రాన్ల కంటే పలచనైన పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. మందం విషయంలో మనవాళ్లను వేలెత్తి చూపలేము. ఫ్లెక్సీ మీది ముఖాల్లో దేనికీ ఆ లోటు లేదు. పెద్ద నాయకుడిది గుమ్మడికాయంత, నియోజకవర్గ నాయకుడిది కొబ్బరికాయంత, కట్టించినవాడిది నిమ్మకాయంత, వాడి మిత్రబృందానివి గోరింటాకు చుక్కలంత. ఇక్కడా తదితరులకు చోటు లేదు. వాళ్ల పని దాని కింద బస్సు కోసం నిలబడడం.

ఇంత చెప్పాక, తదితరులకు ఈ దేశంలో గౌరవమే దక్కలేదంటే అబద్ధమవుతుంది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వారినే తలకెత్తుకుంది. గ్రామసభ అంటే ఎవరెవరని 243వ అధికరణం చెబుతూ, ముఖ్య అతిథినీ విశిష్ట అతిథినీ ఆత్మీయ అతిథినీ అంతా వదిలేసి, ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వారందరూ అని తేల్చేసింది. చూడబోతే తదితరులందరి పేర్లూ, ఫొటోలతో సహా, అచ్చయ్యే పుస్తకం ఊళ్లో అదొక్కటే. తెలంగాణలో 2018 నాటి చట్టం రెండు నెలలకొకసారి సభ పెట్టమంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు జరిగాయి. ఒక్క రోజులో అంతమంది తదితరులు రాజ్యాంగబద్ధంగా పాల్గొన్న సందర్భం అరుదు కనుక, ఆగస్టు 23ను తదితరుల దినోత్సవంగా ప్రకటించాలని నా తొలి కోరిక.

అన్నట్టు, తదితరుల్లో అప్పుడప్పుడూ సర్పంచ్ కూడా ఉంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ సగం పదవులు మహిళలకే కదా. సభకు అధ్యక్షత వహించింది ఆవిడే, సంతకం పెట్టిందీ ఆవిడే. వార్తలో మాత్రం ‘సర్పంచ్ భర్త మాట్లాడుతూ’ అని మొదలై, ఆవిడ చివరి మాటలో సర్దుకుంటుంది.

మా మేజర్ పంచాయతీలో ఇటీవల గ్రామసభ జరుగుతుందని దండోరా వేస్తే నేనూ మా ఆవిడా వెళ్లాం. మా వీధి సైడు కాలువ పూడిపోయి, వాన పడితే మురుగునీళ్లు నేరుగా మా వంటింటి గడప దాటుతున్నాయి. ఈ సంగతిని నేను లేచి నిలబడి, కాలువ పొడవు, పూడిక లోతు, నీళ్ల రంగుతో సహా నివేదించాను. కార్యదర్శి తలూపుతూ పుస్తకంలో ఏదో రాసుకున్నారు. మా ఆవిడ వెనకాల నుంచి, ‘వాసన కూడా రాయించండి’ అంది. సభ ముగిశాక అందరం హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టి, ఫొటో కోసం ఆడవాళ్లను ముందు వరుసలోకి రమ్మంటే వాళ్లు ముందుకు జరిగి, బయటపడ్డాం.

మర్నాడు పేపర్లో ఆ వార్త రెండు అంగుళాలు వచ్చింది. పద్నాలుగు పేర్లున్నాయి. వాటి తరవాత ‘పలు సమస్యలపై చర్చించారు’ అన్న వాక్యం ఉంది. ఈ ‘పలు’ అన్నవారు తదితరులకు స్వయానా తమ్ముడు; ఊళ్లోని మనుషులందరినీ అన్నగారు మోస్తే, ఊళ్లోని బాధలన్నిటినీ తమ్ముడు మోస్తాడు. మా కాలువ మొత్తం, వాసనతో సహా, రెండక్షరాల్లో పట్టేసింది. పంచాయతీ తియ్యలేని పూడికను పత్రిక ఇంత సులువుగా తీసెయ్యడం చూసి నాకు భాష మీద గౌరవం పెరిగింది.

అయినా నా సంతోషం వేరే చోట ఉంది. ఆ వార్తను జాగ్రత్తగా కత్తిరించి, బల్ల మీది అద్దం కింద పెడుతుంటే మా ఆవిడ వచ్చి చూసింది.

‘‘ఏదండీ మీ పేరు?’’ అంది.

చివరి మాట మీద వేలు పెట్టి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, కూడబలుక్కుంటూ ఆ మాట చదివి, కాసేపు ఆలోచించింది.

‘‘నేనూ వచ్చానుగా. అయితే ఇందులో నేనూ ఉన్నట్టే కదండీ’’ అని, అమ్మవాళ్లకు పంపాలి, ఇంకో కాపీ కొనుక్కు రమ్మంది.