చక్కెరతో కట్టిన జరిమానా: బార్బడోస్ చెప్పే బ్రిటిష్ చట్టం కథ

"ఎన్ని చెప్పినా బ్రిటిషోళ్లు చట్టం, కోర్టులు, పార్లమెంటు నేర్పి వెళ్లారు కదా" అని ప్రతి ఆగస్టులో సోషల్ మీడియాలో ఎవరో ఒకరు మొదలుపెడతారు. దీనికి జవాబు కోసం ప్లాసీ యుద్ధం దాకా రానక్కర్లేదు, అంతకు నూట ముప్పై ఏళ్ల ముందే వాళ్లు మకాం వేసిన కరీబియన్ దీవి బార్బడోస్‌ని చూస్తే సరిపోతుంది. 2024లో మనవాళ్లు టీ20 ప్రపంచకప్ గెలిచిన ఊరు బ్రిడ్జ్‌టౌన్ ఉన్నది అక్కడే. దీవి మొత్తం 430 చదరపు కిలోమీటర్లు, గ్రేటర్ హైదరాబాద్ కంటే చిన్నది.

1627లో ఇంగ్లిష్ వాళ్లు అక్కడ దిగారు. పెట్టుబడి విలియం కోర్టీన్ అనే లండన్ వ్యాపారిది. తీరా ఊరు కుదురుకునే సరికి రాజు మొదటి చార్లెస్ ఆ దీవిని కార్లైల్ ప్రభువుకి రాసిచ్చేశాడు, కోర్టీన్‌ డబ్బు గంగలో కలిసింది. పొగాకు వేశారు, నాసిరకం వచ్చింది. పత్తి కూడా నిలబెట్టలేదు. 1640ల్లో, అప్పటికి డచ్ వాళ్ల చేతిలో ఉన్న బ్రెజిల్ ప్రాంతం నుంచి చెరకు పని నేర్చుకొచ్చాకే దశ తిరిగింది; అడవులు పోయాయి, చిన్న రైతులూ పోయారు, జేమ్స్ డ్రాక్స్ లాంటి పెద్ద తోటల యజమానులు మిగిలారు.

చెరకు సంగతి మనకి తెలియనిది కాదు. నరికిన గడ నిలవుంటే రసం పులుస్తుంది, కాబట్టి కోతల కాలంలో గానుగ రాత్రీ పగలూ ఆడాల్సిందే. నిద్రలేక తూలుతూ గడలు అందించే మనిషి వేళ్లు రోలర్ల మధ్య ఇరుక్కుంటే, ఒళ్లంతా లోపలికి లాగేసేలోపు చెయ్యి నరకడానికి పక్కనే గొడ్డలి ఉంచేవాళ్లు. ఆ పనికి మొదట్లో ఇంగ్లండ్, ఐర్లండ్ పేదల్ని ఒప్పంద కూలీలుగా, రాజుని దింపి ఇంగ్లండ్‌ని ఏలిన క్రామ్‌వెల్ కాలంలో యుద్ధ ఖైదీల్ని కూడా తెచ్చారు. అదీ చాలక ఆఫ్రికా బానిసల్ని ఓడల కొద్దీ దింపారు.

ఇప్పుడు అసలు విషయం. బార్బడోస్‌లో 1639 నుంచే శాసనసభ ఉంది. ఆ సభే 1661లో బానిస చట్టం చేసింది. శిక్షిస్తుండగా బానిస చనిపోతే యజమాని మీద కేసే ఉండదు. కేవలం క్రూరత్వంతో కావాలని చంపితే మాత్రం జరిమానా, 3,000 పౌండ్ల బరువు ముడి చక్కెర. పక్కవాడి బానిసని చంపితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే పోయింది పక్కవాడి సొత్తు మరి! దీన్ని జమైకా, తర్వాత దక్షిణ కరోలినా దాదాపుగా కాపీ కొట్టాయి. అంటే సామ్రాజ్యంలో చేతులు మారిన సరుకుల్లో చట్టం కూడా ఒకటి.

మనకీ దీనికీ సంబంధం లేదనుకోవద్దు. పశ్చిమాఫ్రికాలో బానిసల్ని కొనడానికి ఇచ్చిన సరుకుల్లో భారతీయ నూలు బట్టలది పెద్ద వాటా. మన కోరమాండల్ (తూర్పు) తీరంలో నేసిన నీలిరంగు 'గినీ గుడ్డ'కి అక్కడ గిరాకీ ఎక్కువ. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొట్టు పెట్టింది 1611లో. మన పాఠ్యపుస్తకాలు తూర్పు వ్యాపారం వేరు, అట్లాంటిక్ బానిసత్వం వేరు అన్నట్టు రెండు చాప్టర్లు చేస్తాయి కానీ, లండన్ వ్యాపారుల లెక్కల్లో అవి అంత దూరం కాదు.

చర్చి కూడా వెనకబడలేదు. కోడ్రింగ్టన్ అనే తోటల యజమాని 1710లో చనిపోతూ తన ఎస్టేట్లని ఆంగ్లికన్ మిషనరీ సంస్థకి రాసిపోతే, ఆ సంస్థ బానిసల ఛాతీ మీద 'సొసైటీ' అని కాల్చి ముద్ర వేయించింది. 1833లో బానిసత్వం రద్దుకి పార్లమెంటు చట్టం చేసినప్పుడు యజమానులకి 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించారు, 411 మందికి గాను ఈ సంస్థకి 8,823 పౌండ్లు ముట్టాయి. ఆ పరిహారం కోసం చేసిన అప్పు బ్రిటన్ ప్రజల పన్నుల్లోంచి 2015 దాకా తీరుతూనే ఉంది. విడుదలైనవాళ్లకి పైసా రాలేదు సరికదా, అదే చట్టం కింద 'అప్రెంటిస్' అనే పేరు పెట్టి 1838 దాకా పాత యజమానుల దగ్గరే జీతం లేకుండా పని చేయించారు.