"ఒళ్ళు చేశావేంటి" అనేది పలకరింపు కాదు

ఇప్పుడే చూశాను. డిగ్రీ పట్టా పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి ఫొటో. కింద మొదటి కామెంటు: "ఏంటే, ఇంత ఒళ్ళు చేశావు?" గంట తిరక్కుండా ఫొటో తీసేసింది. అన్నేళ్ళ చదువు ఒక్కరి కంటికీ ఆనలేదు!

పైగా "దాని మంచికే చెప్పాం" అంటారు. ఏం మంచి జరుగుతుందో వినండి. ఆ మాట పడ్డ పిల్ల మర్నాడు పొద్దున తిండి మానేస్తుంది. రాత్రికి ఆకలి పట్టలేక రెండింతలు తినేసి, తన మీద తనకే అసహ్యం వేసి, తెల్లారితే మళ్ళీ మానేస్తుంది. ఇది మనసు గట్టిగా లేకపోవడం కాదు, కడుపు మాడ్చితే ఎవరికైనా అంతే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్ళకు పొద్దస్తమానం తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, చీటికీమాటికీ చిరాకుపడ్డారు, నలుగురిలోకి రావడం తగ్గించేశారు. ఏరికోరి తెచ్చిన వాళ్ళే అలా అయిపోతే, ఈ పిల్లని తిట్టి ఏం సాధిస్తారు?

ఇక మూడు రోజుల్లో రెండు కిలోలు తగ్గిస్తామనేవాళ్ళు. తగ్గేది చాలావరకు నీళ్ళు! పిండిపదార్థాల్ని ఒళ్ళు గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది; గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు మానగానే రెండూ పోతాయి, తినగానే తిరిగొస్తాయి. ఉప్పెక్కువైనా, నెలసరి ముందైనా కిలో అటూఇటూ అవుతుంది. ఆ అంకె చూసి ఆ రోజు గడప దాటాలో వద్దో తేల్చుకునే పిల్లలున్నారు. తూచుకోక తప్పదంటే వారానికొకసారి, పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, గట్టి నేల మీద, ఎప్పుడూ అదే మెషీన్‌తో. రోజుకి మూడుసార్లు ఎక్కుతున్నా, తినగానే బాత్రూమ్‌లోకి దూరి గడియ పెట్టుకుంటున్నా, మూడు నెలలుగా నెలసరి రాకపోయినా డాక్టరుకి చూపించండి. సన్నబడిందని మెచ్చుకుంటూ కూర్చోకండి.

అసలు నా కడుపుమంట స్కూళ్ళ మీద. పిల్లల్ని వరసగా నిలబెట్టి తూచి, అంకె పైకి చదవడం! వెనకున్నవాళ్ళు కిసుక్కుమంటారు. ఆ రోజు తగిలించిన పేరు ఏళ్ళ తరబడి పోదు. పాతికేళ్ళొచ్చి బరువు తగ్గినా అద్దం ముందు నిలబడితే ఆ పేరే గుర్తొస్తుంది. చేయాల్సింది ఎంత చిన్న పని! తెర అడ్డం పెట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, అంకె కనపడకుండా వెనక్కి తిప్పి నిలబెట్టి, పైకి అనకుండా రాసుకుని, ఆ కాగితం తల్లిదండ్రులకు కవర్లో పంపాలి. ఈసారి ఆరోగ్య పరీక్షలని నోటీసు వస్తే, ఇలాగే చేస్తారా అని ముందే వెళ్ళి అడగండి.