ఒంటి రెక్క కారు, ఒక పక్కే దీపాలున్న కారు

కారుని ముందు నుంచి చూస్తే ఎడమ సగం, కుడి సగం అచ్చు ఒకేలా ఉండాలని మనం చిన్నప్పటి నుంచీ అలవాటు పడిపోయాం. కానీ లోపల చూడండి. స్టీరింగ్ ఉండేది ఒక పక్కే. చాలాసార్లు కార్లో ఉండేది నడిపే మనిషి ఒక్కరే. మరి పైన రేకు మాత్రం రెండు పక్కలా ఒకేలా ఎందుకుండాలి? అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్‌లో డిజైన్ అధిపతి వర్జిల్ ఎక్స్‌నర్ 1960లో దీనికి ఒక కారుతో జవాబిచ్చాడు. నాకు అన్ని కార్లలోకీ ఇష్టమైనది అదే.

పేరు ప్లిమత్ ఎక్స్‌ఎన్‌ఆర్. ప్లిమత్ క్రైస్లర్ వాళ్ల బ్రాండు, ఎక్స్‌ఎన్‌ఆర్ ఆయన ఇంటిపేరులోంచి తీసిన అక్షరాలే. ఇటలీలోని ట్యూరిన్‌లో గియా అనే కార్ల బాడీల కంపెనీ పనివాళ్లు రేకుని చేత్తో మలిచి తయారు చేశారు. బానెట్ మీద డ్రైవర్‌కి ఎదురుగా ఒక ఉబ్బు మొదలవుతుంది. అదే డ్రైవర్ తల వెనక నిలువు రెక్కగా లేచి తోక దాకా పోతుంది. రెండో పక్క అలాంటిదేమీ లేదు, చదునుగా ఉంటుంది. ఆ పక్క సీటు కూడా కాస్త కిందికే. ఇంకో సంగతి, ఇందులో ఉన్న స్లాంట్ సిక్స్ అనే ఆరు సిలిండర్ల ఇంజన్ కూడా నిటారుగా ఉండదు, 30 డిగ్రీలు పక్కకి వాలి ఉంటుంది.

దీని ఫొటో పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు "వంకరగా ఉందేంటి" అంటారు. ముక్కుపుడక ఒక పక్కే పెట్టుకుంటే ముఖం వంకరైపోతుందా? పైట ఒక భుజం మీదే ఉంటుంది కదా, అది మనకి ఎప్పుడైనా లోటుగా అనిపించిందా?

ఇలాంటి కారు చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. రెండు పక్కలూ ఒకటే అయితే, ఒక పక్కకి కత్తిరించిన అట్టని తిరగేసి రెండో పక్కకి వాడుకోవచ్చు. ఇప్పుడైతే కంప్యూటర్లో సగం గీసి ఒక్క బటన్ నొక్కితే మిగతా సగం అదే వస్తుంది. రెండు పక్కలూ వేరైతే ఆ సుఖం లేదు. ప్రతి వంపునీ కొత్తగా నిర్ణయించుకోవాలి. బరువు ఒక వైపుకి ఒరిగినట్టు కనపడకుండా కంటితోనే తూచుకోవాలి.

కాలిఫోర్నియాలో వింత కార్లు కట్టిన ఎడ్ రాత్ చేసిన పని చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఆయన ముందు ప్లాస్టర్‌తో ఆకారం చేసి, దాని మీద ఫైబర్‌గ్లాస్ పరిచేవాడు. పైకప్పుకి ప్లాస్టిక్ షీట్‌ని వేడి చేసి బుడగలా ఊదేవాళ్లు. 1963లో వచ్చిన ఆయన కారు మిస్టీరియన్‌కి ఫోర్డ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్లు ఏకంగా రెండు, హెడ్‌లైట్ మాత్రం ఒక్కటే, అదీ ఓ పక్కకి. ఇంజన్ల బరువుకి ఫ్రేమ్ పగిలింది. చివరికి అసలు కారు మిగల్లేదు. బొమ్మల కంపెనీ రెవెల్ వాళ్లు అమ్మిన ప్లాస్టిక్ కిట్ల వల్ల పిల్లల బల్లల మీద దాని బొమ్మ మాత్రం మిగిలింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

"ఇవి రోడ్డు మీద నడుస్తాయా, మైలేజీ ఎంత" అని అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను. మన హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ గారు చేత్తో చేసిన బర్గర్ కారు, క్రికెట్ బ్యాట్ కారు చూడటానికి పిల్లల్ని తీసుకెళ్తాం. అక్కడ ఎవరైనా మైలేజీ అడుగుతారా? ఆ మనిషి ఓపికకి దండం పెట్టి వస్తాం. ట్యూరిన్ పనివాళ్లకీ, రాత్‌కీ ఆ మర్యాద ఇవ్వడానికి ఏం అడ్డమొచ్చింది?

ఎక్స్‌ఎన్‌ఆర్ అదృష్టం బాగుంది. చేతులు మారి లెబనాన్ చేరింది, అంతర్యుద్ధం నడిచిన రోజుల్లో బీరూట్‌లో భూమి కింద గ్యారేజీలో దాగి బతికింది. కెనడాలో బాగు చేశాక 2012 వేలంలో 9,35,000 డాలర్లు పలికింది. అప్పటి నుంచి అందరూ దాన్ని కళాఖండం అంటున్నారు. ధర పలకక ముందు కూడా అది అదే కారు కదా!

రాత్ 1964లో చేసిన ఆర్బిట్రాన్‌కి అంత అదృష్టం లేదు. దాని ముక్కు మీద ఒక పక్కన ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడు గుత్తిగా ఉండేవి. మూడు వెలుగులూ కలిస్తే తెల్ల కాంతి వస్తుందని ఆయన ఆలోచన. మెరిసే ఇంజన్‌ని బానెట్ కింద దాచేశానని తర్వాత ఆయనకే అది నచ్చలేదు. ఎటు పోయిందో తెలియకుండా పోయిన ఆ కారు 2007లో మెక్సికోలోని సియుదాద్ హువారెజ్‌లో ఒక కొట్టు ముందు శిథిలంగా దొరికింది. ముక్కు మొత్తం లేదు. అంటే కారుకి ప్రాణమైన ఆ పక్కే లేదు. కాలిఫోర్నియాకి తెచ్చి ఆ ముక్కుని మళ్లీ చేశారు. మూడు రంగుల దీపాలూ మళ్లీ పెట్టారు, ముందులాగే ఒక పక్కనే.