బ్రాకెట్ గుమ్మంలో నిలబడ్డ మైనస్ గారికి

అయ్యా,

చూస్తే అడ్డగీత. అగ్గిపుల్లంత కూడా లేరు. కానీ నెల రోజులుగా మా ఇంట్లో రాత్రి భోజనాలు తొమ్మిదిన్నర దాటుతున్నాయంటే కారణం మీరే.

మా అన్నయ్య కూతురు ఏడో తరగతి. దానికి లెక్కలు చెప్పే పని నా నెత్తిన పడింది. ధర్మాలన్నీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా సంవృత ధర్మం, స్థిత్యంతర ధర్మం, సహచర ధర్మం, విభాగ న్యాయం అంటూ గడగడా అప్పజెప్పేస్తుంది. తీసివేతకి స్థిత్యంతర ధర్మం వర్తించదని ఉదాహరణతో సహా చెబుతుంది. ఈ చదువంతా మీరు ఎదురయ్యే దాకానే.

5ఎక్స్ − 2(ఎక్స్ − 3) ని సూక్ష్మీకరించమన్నాను. 5ఎక్స్ − 2ఎక్స్ − 6 అని రాసింది. చివర + 6 రావాలి; బయటున్న మీరు మొదటి పదానికే అందారు, రెండోదాన్ని చేరనేలేదు. పెళ్లి పిలుపుకెళ్లి, అరుగు మీదున్న పెద్దాయన చేతిలో శుభలేఖ పెట్టి, లోపలివాళ్లకి మాటైనా చెప్పకుండా వచ్చేసినట్టు! పిలుపు ఇంటిల్లిపాదికీ కదమ్మా, విభాగ న్యాయమంటే అదేగా అన్నాను. ఆ ఊపులో నోరు జారి, "మైనస్ మైనస్ ప్లస్ అవుతుంది" అని కూడా అన్నాను.

మర్నాడు −3 − 4 కి జవాబు +7.

"నువ్వేగా బాబాయ్ చెప్పింది, రెండు మైనస్‌లుంటే ప్లస్సని?"

గుణకారానికి చెప్పిన మాటని తెచ్చి కూడికకి అంటించింది. నిజానికి తప్పు నాదే. కానీ లేఖ మీకు రాస్తున్నాను కాబట్టి మీ ఖాతాలోనే వేస్తున్నాను.

ఖాతా మీకు కొత్తేం కాదు. క్రీ.శ. 628లోనే గణితవేత్త బ్రహ్మగుప్తుడు మిమ్మల్ని అప్పుల పద్దులో చేర్చాడు. మన పుస్తకాల్లో ఋణ సంఖ్య, ధన సంఖ్య అనే పేర్లు ఇప్పటికీ అవే. అప్పూ అప్పూ కూడితే అప్పేనన్నాడు, గుణిస్తే మాత్రం ధనమన్నాడు. (ఈ రెండోది ఏ బ్యాంకు మేనేజరూ ఒప్పుకోడు.) బక్షాలీ రాతప్రతి అనే పాతకాలపు లెక్కల పుస్తకంలో అయితే ఋణానికి అంకె పక్కన పెట్టింది అచ్చం ఇప్పటి ప్లస్ లాంటి గుర్తే! వేషాలు మార్చడం మీకు పాత అలవాటన్నమాట.

సరే, డబ్బుల్లోనే చెబుదామని కిరాణా కొట్టుకి తీసుకెళ్లాను. బిల్లు అరవై, అందులో ఐదు తగ్గించాడు. వంద నోటు ఇస్తే నలభై ఐదు చేతిలో పెట్టాడు. 100 − (60 − 5).

"నువ్వు నోట్‌బుక్‌లో చేసినట్టు అరవై తీసేసి, ఇంకో ఐదు కూడా తీసేస్తే?"

"ముప్పై ఐదే ఇస్తాడా? తగ్గిస్తానన్న ఐదు మళ్లీ మన దగ్గరే లాక్కుంటాడా? పది రూపాయలు మోసం!" అని పాపం ఆ కొట్టాయన మీదికి వెళ్లబోయింది.

హమ్మయ్య అనుకున్నాను. ఇంటికొచ్చి 7 − (ఎక్స్ − 4) ఇచ్చాను. 7 − ఎక్స్ − 4 అని రాసింది. కొట్టాయన గుర్తున్నాడా అన్నాను. కాసేపు పెన్సిల్ కొరికి, నాలుగు ముందున్న మీ మీద నిలువుగా ఓ చిన్న గీత గీసింది. ప్లస్ అయిపోయారు. నా ఆనందం ఒక్క లైనే నిలిచింది. కింది లైనులో 11 − ఎక్స్ ని 10ఎక్స్ చేసేసింది. ఎక్స్ ఉన్నదాన్నీ లేనిదాన్నీ కలిపేయకూడదని చెప్పే సజాతి, విజాతి పదాలకి విడిగా ఇంకో లేఖ రాయాలి.

మొన్న స్లిప్ టెస్టులో ఇలాంటి లెక్కే వచ్చింది. ఒక్క గుర్తు కూడా తప్పు పోలేదు. కానీ పక్కన "విభాగ న్యాయం ప్రకారం" అని రాయలేదని అర మార్కు కోశారు. చూద్దును కదా, ఎర్ర ఇంకుతో ఆ అర ముందు నిలబడింది మళ్లీ మీరే.

పిల్ల ఆ అర మార్కు చుట్టూ బ్రాకెట్ పెట్టి, బయట ఇంకో మైనస్ గీసి పేపరు నా దగ్గరికి తెచ్చింది.

"ఇప్పుడు ప్లస్సే కదా బాబాయ్?"

ఇట్లు,
ఇంకా అన్నం తినని బాబాయి